ఎవరూ చూడని చేప ఎవరి కోసం?



ఆదివారం సత్యోపదేశం తరగతిలో సృష్టి పాఠం చెబుతున్నప్పుడు ఎవరో ఒక బిడ్డ తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది. "ఆవును పాల కోసం చేశాడు, కోడిని గుడ్ల కోసం చేశాడు, మరి తేలును దేవుడు ఎందుకు చేశాడు?" పెద్దలం నవ్వి ఊరుకుంటాం. కాని ఆ పసిప్రశ్న లోపల పెద్ద ప్రశ్న ఒకటి దాగి ఉంది. ఎవరికీ ఉపయోగపడని ప్రాణికి, ఎవరి కంటా పడని ప్రాణికి విలువ ఉందా? ఉంటే ఆ విలువ ఎక్కడి నుండి వచ్చింది?

ఇది పండితుల కాలక్షేపానికి పుట్టిన ప్రశ్న కాదు. దీనికి మనం ఇచ్చుకునే జవాబును బట్టే మన ఇంట్లో మంచాన పడిన ముసలితల్లితో మనం మెలిగే తీరు కూడా ఉంటుంది. ఆ సంగతికి తరువాత వద్దాం. ముందుగా ఈ ప్రశ్నను ఆలోచించడానికి తగిన చోటికి వెళదాం. దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదికి మించిన చోటు నాకు తోచలేదు. మనసులోనే ఒక పడవ ఎక్కండి.

మన గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు. అమెజాన్ పొడవు సుమారు 6,400 కిలోమీటర్లు. ప్రపంచంలోని నదులన్నీ కలిసి సముద్రాలలో పోసే నీటిలో దాదాపు ఐదవ వంతు ఈ ఒక్క నదిదే. ఆ ప్రాంతంలో చాలా ఊళ్ళకు రోడ్లు లేవు, నదియే రోడ్డు. రెండంతస్తుల లాంచీలలో ప్రయాణికులు ఎవరి ఊయల పడకను వారు తెచ్చుకొని దూలాలకు కట్టుకొని, అందులోనే రోజుల తరబడి పడుకొని ప్రయాణం చేస్తారు. బియ్యం బస్తాలు, అరటి గెలలు, పసిబిడ్డలు, కోళ్ళు, అన్నీ ఆ లాంచీలోనే.

బ్రెజిల్ దేశంలో మనౌస్ అనే నగరం దగ్గర ఒక వింత కనిపిస్తుంది. ఉత్తరం నుండి రియో నెగ్రో అనే నది వచ్చి అక్కడ కలుస్తుంది. అడవి ఆకులు కుళ్ళిన రసం దిగి దాని నీరు చిక్కటి డికాషన్‌లా నల్లగా ఉంటుంది. ఆండీస్ పర్వతాల మట్టిని మోసుకొచ్చే పెద్ద నది పాలు తక్కువైన టీ రంగులో ఉంటుంది. ఒకటి వెచ్చన, మరొకటి చల్లన. ఒకటి నిదానం, మరొకటి వేగం. అందుచేత రెండూ వెంటనే కలవవు. సుమారు 6 కిలోమీటర్ల దూరం ఒకే ఒడ్డుల మధ్య గీత గీసినట్లు పక్కపక్కనే సాగుతాయి.

ఇంకా పైకి వెళితే నీట మునిగే అడవులు వస్తాయి. వానల కాలంలో నది పది మీటర్లకు పైగా పొంగి అడవిలోకి నడిచి వస్తుంది. నెలల తరబడి చెట్లు నీళ్ళలోనే నిలబడి ఉంటాయి. పడవలు చెట్ల కొమ్మల మధ్య నుండి పోతాయి. వేసవిలో పక్షి ఎగిరిన చోట ఇప్పుడు చేప ఈదుతుంది. తంబాకి అనే పెద్ద చేప అక్కడ ఉంది. దాని ఆహారం పండ్లు, గింజలు. చెట్టు కింద నీళ్ళలో కాచుకొని ఉండి, రాలిన కాయను గట్టి పళ్ళతో పగులగొట్టి తింటుంది. మింగిన గింజలలో కొన్నింటిని దూరాన విడిచిపెడుతుంది. నీళ్ళు తీశాక అక్కడ మొక్క లేస్తుంది. మన దగ్గర కాకి చేసే పనిని అక్కడ చేప చేస్తోంది.

ఆ చెట్ల మధ్యనే గులాబీ రంగు డాల్ఫిన్లు తిరుగుతాయి. సముద్రపు డాల్ఫిన్లలో చాలా జాతులకు మెడ అంతగా తిరగదు. వీటి మెడ ఎముకలు అతుక్కొని ఉండవు కాబట్టి తలను అటూ ఇటూ తిప్పి మానుల సందుల్లో దూరిపోగలవు. బురదనీటిలో కన్ను పనిచేయదు గనుక తాము చేసిన శబ్దం తిరిగి వచ్చే తీరును బట్టి చేపను పట్టుకుంటాయి. ఒడ్డున హొవాట్జిన్ అనే పక్షి ఉంటుంది. దాని పిల్లల రెక్కలకు గోళ్ళుంటాయి. అపాయం వస్తే గూటి నుండి నీళ్ళలోకి దూకి, అపాయం తప్పాక ఆ గోళ్ళతో చెట్టెక్కి వస్తాయి.

ఇంతా చెప్పాక ఒక నిజం కూడా చెప్పాలి. అంత దూరం వెళ్ళి పడవలో కూర్చున్న యాత్రికునికి ఇందులో కనిపించేది బహు స్వల్పం. గంటల తరబడి గోధుమరంగు నీళ్ళు, రెండు పక్కలా పచ్చని గోడ. పడవ నడిపే మనిషి "అదిగో" అని వేలు చూపుతాడు. తల తిప్పేలోగా గులాబీ రంగు వీపు మునిగిపోతుంది. అంతే. ఆ నీటి కింద, ఆ కొమ్మల పైన బ్రతుకుతున్న లెక్కకు మిక్కిలి ప్రాణులు ఏ యాత్రికుని కంటా పడకుండానే పుట్టి, పిల్లలను పెట్టి, వెళ్ళిపోతున్నాయి. మరి అవన్నీ ఎవరి కోసం?

ఈ నది మీద పడవలో వెళ్ళినవారిని చూస్తే జవాబులు కూడా కనిపిస్తాయి. 1541లో క్విటో నుండి బంగారాన్ని, దాల్చినచెక్క అడవులను వెతుక్కుంటూ ఒక స్పెయిన్ సైన్యం బయలుదేరింది. తిండి చాలక నానా యాతన పడింది. ఆహారం తెస్తామని పడవలో ముందుకు వెళ్ళిన ఫ్రాన్సిస్కో దె ఒరెయానా, అతని మనుషులు తిరిగి రాలేదు. ప్రవాహంతో పాటు కొట్టుకుపోయి 1542 ఆగస్టులో అట్లాంటిక్ సముద్రం చేరారు. వారితో ఉన్న దోమినిక్ సభ గురువు గాస్పర్ దె కర్వహాల్ ఆ ప్రయాణ కథనమంతా రాసిపెట్టారు. ఒడ్డు నుండి వచ్చిన బాణం తగిలి ఆయన ఒక కన్ను కోల్పోయారు. ఆకలిగొన్న ఆ పడవకు నది అంతా ఒక్కటే ప్రశ్న: ఇందులో మనకు ఏమి దొరుకుతుంది?

మూడు వందల ఏళ్ళ తరువాత హెన్రీ వాల్టర్ బేట్స్ అనే ఆంగ్లేయుడు వచ్చాడు. 1848 నుండి 1859 వరకు 11 ఏళ్ళు ఆ నది పొడవునా తిరిగి సుమారు 14,000 జాతుల ప్రాణులను సేకరించాడు. వాటిలో ఎక్కువ భాగం పురుగులే. దాదాపు 8,000 జాతులు అప్పటివరకు యూరపు శాస్త్రవేత్తలెవరికీ తెలియనివి. ఇప్పుడు చెప్పండి. ఆ 8,000 జాతులు బేట్స్ వలలో పడిన రోజునే విలువ సంపాదించుకున్నాయా? అంతకుముందు వేల ఏళ్ళుగా అవి ఎగిరిన ఎగురుడంతా దండగేనా?

మొదటి జవాబు ఉపయోగవాదిది. మొక్కలు జంతువుల కోసం, జంతువులు మనిషి కోసం ఉన్నాయని గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ రాశాడు. దీనిని తేలికగా కొట్టివేయలేం. మనమూ ఆ నదికి ఋణపడి ఉన్నాం. పెద్దాపురం, సామర్లకోట ప్రాంతాలలో సగ్గుబియ్యం చేసే కర్రపెండలాన్ని మొదట సాగుచేసింది అమెజాన్ పరిసరాలలోని ఆదివాసులే. గోదావరి జిల్లాల కొబ్బరి తోటలలో అంతరపంటగా వేస్తున్న కోకో పుట్టిల్లు కూడా ఆ నది ఎగువ ప్రాంతమే. 1876లో అక్కడి నుండి ఇంగ్లండుకు తరలించిన రబ్బరు గింజల సంతానమే ఆసియా రబ్బరు తోటలకు మూలం. మనం పండుగనాడు తాగే సగ్గుబియ్యం పాయసంలో, తొక్కే సైకిలు టైరులో ఆ అడవి ఉంది. సృష్టిని మనిషి వాడుకోవడం పాపం కాదు. ఆదికాండము మనిషికి ఆ అధికారాన్ని ఇచ్చింది.

కాని ఈ జవాబు ఇక్కడితో ఆగిపోతే ప్రమాదం ఉంది. ఉపయోగమే విలువ అయితే ఉపయోగం తీరినది చెత్త అవుతుంది. పైగా ఈ తూనికరాయి చెట్ల దగ్గర ఆగదు. రబ్బరుకు గిరాకీ పెరిగిన రోజులలో చెట్టును పాల లెక్కన చూసిన కళ్ళే ఆదివాసిని కూడా పాల లెక్కన చూశాయి. పుటుమాయో నదీ ప్రాంతంలో రబ్బరు తక్కువ తెచ్చినవారిని కొరడాలతో కొట్టారు, ఆకలితో మాడ్చారు, వేల మందిని చంపారు. 1912లో పునీత పదవ పయస్ పోపు గారు దక్షిణ అమెరికా ఆదివాసుల దుస్థితిపై ఒక విశ్వలేఖనే రాసి, ఈ దౌర్జన్యాన్ని ఖండించవలసి వచ్చింది.

అక్కడిదాకా ఎందుకు? "నాన్న ఇప్పుడు ఏ పనికీ రాడు" అన్న మాట మన విచారణలలోని ఇళ్ళలో వినబడటం లేదా? పుట్టబోయే బిడ్డకు అవిటితనం ఉంటుందని తెలిస్తే "ఆ బిడ్డ వల్ల ఎవరికి సుఖం?" అని సలహా ఇచ్చే బంధువులు లేరా? ఇది అదే తూనికరాయి. అడవిలో మొదలై ఇంట్లోకి వచ్చింది. బహుశా ఇంట్లోనే మొదలై అడవికి వెళ్ళిందేమో కూడా.

రెండవ జవాబు కొంచెం మెరుగైనది. జంతువుపై క్రూరత్వం చూపితే మన గుండె మొద్దుబారుతుంది, రేపు మనిషి మీద కూడా అదే చూపుతాం, కనుక మన మేలు కోసమే జంతువుపట్ల దయగా ఉండాలి అన్నాడు జర్మను తత్వవేత్త కాంట్. పునీత తోమాసు అక్వినాసు కూడా ఒకచోట ఇలాగే చెప్పారు. ఇది నిజం. కుక్కపిల్ల తోకకు డబ్బా కట్టి ఆనందించే పిల్లవాణ్ణి తల్లి మందలించేది ఇందుకే. అయినా ఇందులో కూడా కథ మన చుట్టూనే తిరుగుతోంది. మనిషి గుండె మెత్తబడటానికో, గట్టిపడటానికో ప్రాణి ఒక సాధనం అయింది. మనిషే ఎరుగని చేప సంగతి ఈ జవాబులో లేదు.

మూడవ జవాబును పరిశుద్ధ గ్రంథమే ఇస్తుంది. ఆదికాండము మొదటి అధ్యాయాన్ని ఇంటికి వెళ్ళి నిదానంగా చదవండి. నీటిలోని ప్రాణులను, ఆకాశపక్షులను సృష్టించి అవి బాగున్నాయని దేవుడు తలచింది ఐదవ రోజున. మనిషి వచ్చింది ఆరవ రోజున. అంటే చేప మంచిదనే తీర్పు మనిషి నోటి నుండి రాలేదు. మెచ్చుకోవడానికి, వాడుకోవడానికి మనిషి ఇంకా లేని నాడే ఆ తీర్పు వెలువడింది. యోబు గ్రంథంలో కూడా, మనుషులు ఎవరూ లేని ఎడారి మీద వాన కురిపించేది ఎవరని దేవుడు యోబును నిలదీస్తాడు. యోబు దగ్గర జవాబు లేదు. ఆ వాన వల్ల ఏ రైతుకూ లాభం లేదు. అయినా కురుస్తుంది.

పునీత తోమాసు అక్వినాసు దీనికి లోతైన కారణం చూపారు. దేవుని మంచితనం అనంతం. ఏ ఒక్క ప్రాణి దానిని పూర్తిగా చూపలేదు. అందుకే ఒకదానిలో కొరవడినదాన్ని మరొకటి చూపేలా దేవుడు అనేక రకాల ప్రాణులను చేశాడన్నారు. ఈ మాటను పట్టుకొని ఆ నది వైపు మళ్ళీ చూడండి. 8,000 రకాల పురుగులు వృథా కావు, అతిశయమూ కావు. ఒకే సౌందర్యాన్ని చెప్పడానికి 8,000 మాటలు అవి. దివంగత జగద్గురువులు ఫ్రాన్సిస్ పోపు గారు 2015లో రాసిన 'లౌదాతో సీ' విశ్వలేఖ కూడా ఇదే చెప్పింది. ప్రాణులు మనకు వనరులుగా ఉపయోగపడతాయని మాత్రమే వాటికి విలువ రాలేదు, అవి ఉండటంతోనే దేవుణ్ణి మహిమపరుస్తున్నాయి.

అందుచేత మన ప్రశ్నకు జవాబు ఇది: ఎవరూ చూడని చేప అంటూ ఒకటి లేదు. మనం చూడని చేప ఉంది, అంతే. దాని సృష్టికర్త దాన్ని చూస్తున్నాడు, ఆ చూపులోనే దాని విలువ ఉంది.

ఇక్కడ మీలో ఒకరు అడ్డు తగలవచ్చు. అడగవలసిన ప్రశ్నే. "ఫాదర్‌గారూ, పిల్లలకు రెండు పూటలా అన్నం లేని చోట డాల్ఫిన్ల గురించి ప్రసంగాలేమిటి? మనిషి ముందా, చేప ముందా?" మనిషే ముందు. దేవుని పోలికలో సృష్టింపబడినవాడు మనిషి ఒక్కడే. అనేక పిచ్చుకల కన్నా మీరు విలువైనవారని ప్రభువే చెప్పాడు. కాని ఆ పిచ్చుకలలో ఒక్కటి కూడా తండ్రికి తెలియకుండా నేల రాలదని కూడా ఆయనే చెప్పాడు. ఆ రెండు మాటలనూ ప్రభువు ఒకే ఊపిరిలో చెప్పాడు. వాటిని విడదీయడానికి మనమెవరం?

అవి విడదీయరానివని ఆ నదే చూపించింది. 2023లో అమెజాన్ ప్రాంతంలో తీవ్రమైన కరువు వచ్చింది. తెఫే అనే సరస్సులో నీటి వేడి 39 డిగ్రీలు దాటింది. కొద్ది వారాలలోనే 150కి పైగా డాల్ఫిన్లు చచ్చి తేలాయి. ఆ రోజుల్లోనే నది ఎండి లాంచీలు ఇసుకలో కూరుకుపోయాయి. నది తప్ప వేరే దారి లేని పల్లెలకు బియ్యం, మందులు, తాగే నీరు అందలేదు. డాల్ఫిన్‌ను చంపిన కరువే పేదవాని కుండను కూడా ఖాళీ చేసింది.

మేలు కూడా అలాగే కలిసి వస్తుంది. అక్కడి నదిలో పిరారుకు అనే చేప ఉంది. రెండు మీటర్లకు పైగా పెరిగే ఆ మహామత్స్యం గాలి పీల్చుకోవడానికి కొద్ది నిమిషాలకొకసారి నీటిపైకి వస్తుంది. వచ్చినప్పుడు పొడిచి పట్టడం తేలిక. అలా పట్టీ పట్టీ చాలా చోట్ల అది కరవైపోయింది. తెఫేకు దగ్గరలోని మమిరౌవా అభయారణ్యంలో బెస్తవారు, శాస్త్రవేత్తలు కలిసి 1999 నుండి ఒక కొత్త పద్ధతి పెట్టుకున్నారు. ఊపిరి కోసం పైకి వచ్చిన చేపలను చిన్న పడవలలో కూర్చొని ఏటేటా లెక్కపెడతారు. పెద్ద చేపలలో నూటికి 30కి మించి పట్టరు. మిగిలినవాటిని వదిలేస్తారు, దొంగవేట జరగకుండా సరస్సులను కాపలా కాస్తారు. చేపలు అనేక రెట్లు పెరిగాయి, బెస్తవారి రాబడీ పెరిగింది. చేప ఊపిరి తీసుకొనే క్షణం ఒకప్పుడు దాన్ని చంపే క్షణం. ఇప్పుడు అదే దాన్ని లెక్కించే క్షణం కూడా. ఆదికాండము మనిషికి అప్పగించిన అధికారం అంటే ఇదే కదా! తోటను సాగుచేయడం, దానితో పాటు కాయడం.

ఆ కాపలాకు ప్రాణం పెట్టినవారూ ఉన్నారు. సిస్టర్ డొరతీ స్టాంగ్ అమెరికాలో పుట్టి, 1966 నుండి బ్రెజిల్‌లో సేవ చేసిన మఠకన్య. అడవిని నరకకుండానే చిన్న రైతులు బ్రతికే దారి కోసం వారి పక్షాన నిలిచారు. భూముల మీద కన్నేసినవారు పంపిన హంతకులు 2005 ఫిబ్రవరి 12న అనాపూ అనే ఊరి దగ్గర ఆమెను తుపాకితో కాల్చి చంపారు. అప్పటికామె వయసు 73 ఏళ్ళు. అడవి ముందా, పేదలు ముందా అని ఆమెను అడిగితే ఏమనేవారో! ఆమె జీవితంలో అవి రెండు పనులుగా ఎన్నడూ లేవు.

పడవ అనగానే క్రైస్తవులమైన మనకు మరొక పడవ గుర్తుకు రావాలి. నోవా ఓడలోకి ఏయే జంతువులను ఎక్కించాడు? శుద్ధమైనవాటిని ఏడేసి జంటలుగా ఎక్కించాడు. అవి బలికి, తిండికి పనికివచ్చేవి. అశుద్ధమైనవాటిని కూడా జంటగా ఎక్కించాడు. అవి బలికీ పనికిరావు, భోజనానికీ పనికిరావు. ప్రళయం ముంచుకొస్తున్న వేళ, ప్రతి మూరెడు చోటూ విలువైన ఓడలో పనికిరానివాటికి కూడా దేవుడు చోటు ఇప్పించాడు. నీళ్ళు తీశాక చేసిన నిబంధనను కూడా నోవా కుటుంబంతో మాత్రమే చేయలేదు, ఓడ దిగిన సమస్త ప్రాణులతో చేశాడు.

కాబట్టి నది మీద రెండు రకాల పడవలు పోతున్నాయి. ఒకటి ఒరెయానా పడవ. అందులో కూర్చున్నవాడు ఒడ్డు వైపు చూసి "నాకేమి దొరుకుతుంది?" అంటాడు. రెండవది నోవా ఓడ. అందులో ఉన్నవాడు "ఇంకా ఎవరు ఎక్కాలి?" అంటాడు. మన కుటుంబం కూడా ఒక పడవే. మీ ఇల్లు ఈ రెండింటిలో ఏది?

ఈ వారం కుటుంబ ప్రార్థన వేళ ఒక పని చేయండి. మీ ఇంట్లో, మీ వీధిలో 'పనికిరానివారు' అని పేరుపడ్డవారు ఎవరో పిల్లలతో కలిసి తలచుకోండి. మూలగదిలో పడుకున్న తాతగారు కావచ్చు, మాట సరిగా రాని పొరుగింటి అమ్మాయి కావచ్చు. వారి పేరు చెప్పి దేవునికి కృతజ్ఞతలు తెలపండి. "మేలు చేయి ప్రభువా" అని అడగడం కాదు, "వీరిని ఇచ్చినందుకు వందనం" అని చెప్పడం. తరువాత లేచి వెళ్ళి వారి పక్కన కాసేపు కూర్చోండి. సెలవులలో పాపికొండలకు లాంచీ ఎక్కితే ప్లాస్టిక్ సంచి నీళ్ళలో విసరబోయే పిల్లవాని చేయి పట్టుకొని ఆపి, ఆ నీటి కింద మనం చూడనివారు ఉన్నారని చెప్పండి. పిల్లవాడు "ఎవరు?" అని అడుగుతాడు. మీకు పేర్లు తెలియకపోయినా ఫరవాలేదు. దేవునికి తెలుసు.